అందినట్టు సంతకం

దొంగతనానికి ఒక పద్ధతి ఉండాలని నూనెబుడ్డికి గట్టి నమ్మకం. పద్ధతి లేని దొంగల మాట వింటేనే ఒళ్ళు మండిపోయేది. తాళాలు పగలగొట్టేవాళ్ళు, బీరువాలో బట్టలన్నీ నేల మీద పారేసి పోయేవాళ్ళు, చివరికి ఫ్రిజ్జు తలుపైనా మూయకుండా పోయేవాళ్ళు, వీళ్ళంతా కలిసి వృత్తి పరువు తీస్తున్నారని భార్య దగ్గర వాపోయేవాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ "ఊఁ" అనేది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ ఉపన్యాసం ఆవిడకు కంఠతా వచ్చేసింది.

పైకి మాత్రం అతను కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. బజారు చివర ఇరుకు కొట్టు, గోడకు వేలాడే బెల్టులు, అరల్లో సూదులు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నూనెబుడ్డి. ఆ బుడ్డి వల్లే ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. పొద్దున పదకొండింటికి, జనమంతా పనుల్లోకి పోయాక, పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఏ తలుపు తెరిచినా ముందు దాని బందులకు రెండు చుక్కల నూనె వేసేవాడు. కావలసింది తీసుకుని, మిగతాది ఉన్నచోటే సర్ది, తాళం మళ్ళీ వేసి వచ్చేవాడు. దొంగలు పడ్డారన్న సంగతి ఆ ఇంటివాళ్ళకు ఏ నెల రోజులకో తెలిసేది. తలుపు కిర్రుమనడం మానేసిందన్న సంగతి మాత్రం ఆ సాయంత్రమే తెలిసేది.

అతను చచ్చినా దాటని గీతలు కొన్ని ఉన్నాయి. జబ్బుమనిషి ఉన్న ఇంట్లో అడుగు పెట్టడు. పిల్లలు చిల్లర దాచుకునే డబ్బా ముట్టుకోడు. అన్నిటికన్నా పెద్ద గీత కాగితాలది. ఎత్తుకొచ్చిన పెట్టెలో పట్టాలో, ఉత్తరాలో, ఫొటోలో ఉంటే అవి ఎవరివి వాళ్ళకు చేరి తీరాలి. "వస్తువుదేముందే, పోతే ఇంకోటి కొనుక్కుంటారు. కాగితం పోతే ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మనిషి సగమైపోతాడు. ఆ ఉసురు మనకెందుకు?" అనేవాడు. అందుకని కాగితాలు రిజిస్టరు పోస్టులో పంపేవాడు. ఒకసారి అతని కొట్టుకి వచ్చిన ఒకావిడ, పోయిన కాగితాలు పోస్టులో తిరిగొచ్చాయి గానీ అందులో ఒకటి తగ్గిందని ఎవరితోనో అనడం అతని చెవిన పడింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పటినుంచి రసీదు కార్డు వెనక, లోపల ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటీ గుర్తులతో సహా రాసి, అందినట్టు సంతకం తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. కార్డు తిరిగి రావాలంటే చిరునామా ఉండాలి కదా. తన కొట్టు చిరునామానే రాసేవాడు.

ఇంత అయోమయం మనిషి పోలీసులకు దొరకలేదా అని ఎవరికైనా అనుమానం రావాలి. దొరకలేదు. ఏ దొంగా సొంత చిరునామా రాయడని ఇన్‌స్పెక్టరు తెగేసి చెప్పాడు. పాపం ఆ మిషన్ల మెకానిక్కును ఎవరో ఇరికించాలని చూస్తున్నారని స్టేషన్లో వేరే ఫైలు తెరిపించాడు. ఆ ఫైలు ఏటేటా లావెక్కుతూ వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఇంట్లో కుట్టుమిషను కూడా నూనెబుడ్డే బాగుచేసేవాడు.

అతన్ని దొంగ అని నమ్మిన మనిషి ఊరు మొత్తానికీ ఒక్కడే. తోడల్లుడు.

భార్య చెల్లెలి మొగుడు. లిఫ్టు మెకానిక్కు. నిప్పులాంటి మనిషి. ఏ పనైనా రాతలో ఉండాలంటాడు, దారిలో దొరికిన గొడుగును కూడా స్టేషన్లో అప్పజెప్పి వస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఒక రోజు నూనెబుడ్డి, అతని భార్య చుట్టపుచూపుగా వాళ్ళింటికి చెప్పిన వేళకంటే ఒక గంట ముందు వెళ్ళారు. ఇంటికి తాళం. ఎండ. పాపం భార్యను ఎండలో ఎంతసేపు నిలబెడతాడు? తోడల్లుడు పని నుంచి వచ్చేసరికి తాళం వేసిన తన ఇంట్లో, తన కుర్చీలో, తన గ్లాసుతో మంచినీళ్ళు తాగుతూ నూనెబుడ్డి కనిపించాడు. తలుపు కిర్రుమనలేదు కూడా. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు అతను నూనెబుడ్డితో మాట్లాడలేదు. అన్నయ్యా అని గానీ, ఏమండీ అని గానీ, కనీసం ఇదిగో అని గానీ పిలవలేదు. నూనెబుడ్డి దానికి చాలా బాధపడేవాడు. తమ్ముళ్ళు లేని మనిషి.

అలాంటి తోడల్లుడిని పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు.

ఒక ఆరంతస్తుల మేడలో లిఫ్టు మూడో అంతస్తు నుంచి కిందికి ఊడిపడింది. ఇద్దరికి కాళ్ళు విరిగాయి, వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ మంచం దిగలేదు. మెకానిక్కు సరిగ్గా చూడలేదనీ, తాడు పాడైన సంగతి చెప్పనే లేదనీ ఆ మేడ మేనేజరు ఫిర్యాదు చేశాడు. నేరం రుజువైతే ఏడేళ్ళు.

మరదలు అక్క ఇంటికి వచ్చి వంటింటి గడప మీద కూలబడింది. ఏడుస్తూనే సంగతి చెప్పింది.

"మూడుసార్లు రాసిచ్చారు బావగారూ! తాడు తెగేలా ఉంది, లిఫ్టు ఆపెయ్యండి అని. మూడుసార్లు! ఆ మేనేజరేమో ఒక్క ముక్క కూడా నాకు అందలేదంటున్నాడు. ఈయనేమో నకలు ఉంచుకోలేదు. మనం ఇచ్చిన కాగితాన్ని పెద్దమనిషి దాచేస్తాడని ఎలా అనుకుంటాం అంటారు. అంత మంచివాళ్ళయితే ఎలా చెప్పండి?"

నూనెబుడ్డి చేతిలో టీ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"వాటి మీద ఎర్ర సిరాతో ఏమైనా రాసుందా?" అన్నాడు మెల్లగా.

"నాకేం తెలుసు బావగారూ?"

"వచ్చే ఏడాది చూద్దాం అని. మూడింటి మీదా."

ముందు భార్యకు అర్థమైంది.

"ఏమండీ, ఆ ఇనప్పెట్టె... వెండి కప్పులు దొరికిన పెట్టె... అందులోవా?"

"ఊఁ."

"మరి ఆ ఉత్తరాలు ఏవండీ?"

"పంపించేశాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటే, ఎవరివి వాళ్ళకి! రిజిస్టరు పోస్టులో."

భార్య తల పట్టుకుంది. అతను ఆ మేనేజరు ఇంట్లో ఆ పెట్టె తెరిచింది లిఫ్టు కూలడానికి రెండు నెలల ముందు. ఉత్తరాల కింద సంతకం ఉన్న చోట "మీ విధేయుడు, లిఫ్టు మెకానిక్కు" అని మాత్రమే ఉంది. పదకొండేళ్ళలో ఒక చీటీ ముక్కైనా రాసి ఉంటే తోడల్లుడి చేతిరాత నూనెబుడ్డి గుర్తుపట్టేవాడే. రాయని తప్పు ఎవరిది? అయినా తన గుండెలోనే కలుక్కుమంది.

*

లాయరమ్మ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. బల్ల మీద ఫైళ్ళు, కుర్చీల మీద ఫైళ్ళు, నెత్తి మీద కీచుమంటూ తిరిగే ఫ్యాను. నూనెబుడ్డి ఆ ఫ్యాను వంక చూస్తూనే సంగతంతా చెప్పాడు. చివర్లో ముందుకు వంగి, "రేపు పదకొండింటికల్లా మళ్ళీ వెళ్ళి తెచ్చేస్తానమ్మా. తాళం నాకు తెలిసిందే" అన్నాడు.

లాయరమ్మ రెండు చెవులూ మూసుకుంది.

"నేను వినలేదు! మీరు అనలేదు! ఇప్పుడు మీరు తెచ్చిన కాగితం చిత్తుకాగితంతో సమానం. ముద్దాయి తరఫు మనిషి ముద్దాయి కోసం దొంగిలిస్తే చట్టం దాని మొహం కూడా చూడదు. పైగా అతను ఈపాటికి వాటిని తగలబెట్టేసే ఉంటాడు."

"మరి అప్పుడు తెచ్చినవో?"

"అవైతే బంగారం! ఈ కేసుతో ఏ సంబంధమూ లేని దొంగ, తన మానాన తాను దొంగతనం చేసుకుంటుంటే దొరికిన కాగితాన్ని కోర్టు తీసుకుంటుంది. అది శుభ్రమైన దొంగతనం. మీరు చక్కగా, మనస్ఫూర్తిగా, వెండి మీద ఆశతో వెళ్ళారు." ఆవిడ బల్ల మీద చరిచింది. "కానీ తిరిగి ఇచ్చేశారు! దొంగ అయ్యుండి తిరిగి ఇవ్వడమేమిటండీ? కాస్తయినా బాధ్యత ఉండక్కర్లేదా?"

జీవితంలో మొదటిసారి నూనెబుడ్డి తన పద్ధతికి సిగ్గుపడ్డాడు. ఏం చెయ్యాలో తోచక కుర్చీ ఎక్కి ఫ్యానుకు నూనె వేశాడు. కీచు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, వెంట వచ్చిన అతని భార్య నోరు విప్పింది.

"సంతకం పెట్టిన కార్డుంటే పనికొస్తుందామ్మా?"

బిస్కెట్ల డబ్బా ఒకటి ఆవిడ ఒళ్ళో ఉంది. అందులో నూట నలభై మూడు రసీదు కార్డులు, ఏడాదికొక కట్ట చొప్పున దారంతో కట్టి ఉన్నాయి. లాయరమ్మకు కావలసింది పై కట్టలోనే దొరికింది. వెనక వైపు నూనెబుడ్డి కోడిగీతల్లాంటి రాతలో ఇలా ఉంది: "లిఫ్టు తాడు తెగేలా ఉందని, లిఫ్టు ఆపమని మెకానిక్కు రాసిన ఉత్తరాలు మూడు. తారీఖులు ఇవి. మూడింటి మీదా ఎర్ర సిరాతో 'వచ్చే ఏడాది చూద్దాం' అని మేనేజరు చేతిరాత. ఒకదాని మీద టీ మరక." దాని కింద మేనేజరు సంతకం, ఆ పక్కన పోస్టాఫీసు ముద్ర. ముద్ర మీద తారీఖు ప్రమాదానికి రెండు నెలల ముందుది.

లాయరమ్మ ఆ కార్డును రెండు చేతులతో పట్టుకుని లేచి నిలబడింది. కాసేపటికి మళ్ళీ కూర్చుంది.

"ఒక చిక్కుంది. మీరు ముద్దాయికి తోడల్లుడు. ఇద్దరూ కూడబలుక్కుని, లేని ఉత్తరాలు ఉన్నట్టు ముందే జాబితా రాసి, చదవకుండా సంతకం పెట్టే మనిషి చేత పెట్టించారని అవతలి లాయరు అంటాడు. మీరు నిజంగా దొంగైతేనే ఈ కార్డు చెల్లుతుంది. ఒకసారి చేసిన దొంగ కాదు, ఇదే వృత్తిగా ఉన్న దొంగ. అంటే నాకు ఈ ఒక్క కార్డు చాలదు. డబ్బా మొత్తం కావాలి."

"అప్పుడు ఈయన?" అంది భార్య.

లాయరమ్మ ఫ్యాను వంక చూసింది. అది చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"లోపలికి వెళ్తారు" అంది.

నూనెబుడ్డి డబ్బా మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా పట్టుబడలేదన్నది అతనికున్న ఒకే ఒక్క గొప్ప. అది ఎవరికీ చెప్పుకోలేని గొప్ప, అయినా అతనిదే. మరదలు మొహం గుర్తుకొచ్చింది. పదకొండేళ్ళుగా మాట్లాడని ఆ తిక్కమనిషి మొహం కూడా గుర్తుకొచ్చింది.

"తీసుకోండమ్మా. కట్టలు మాత్రం తారుమారు చెయ్యకండి" అన్నాడు.

*

లొంగిపోవడం అంత తేలిక కాలేదు.

ఇన్‌స్పెక్టరు అతన్ని చూడగానే కుర్చీ వేయించాడు. అంతా విని జాలిగా తల ఊపాడు.

"ఏమయ్యా, తోడల్లుడి మీద ప్రేమ ఉండొచ్చు గానీ మరీ ఇంతా? నువ్వు దొంగవేంటయ్యా? నీ మీద ఎవరో పగబట్టారని నేను పదేళ్ళుగా చెప్తూనే ఉన్నాను." చెయ్యంత మందం ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో, నూటికి పైగా పార్శిళ్ళు. అన్నిటి మీదా నీ చిరునామానే. ఎంత కుట్ర!"

"అయ్యా, అవన్నీ నేను పంపినవేనండీ."

"ఇంటికెళ్ళి పడుకో."

నూనెబుడ్డికి రోషం వచ్చింది. లేచి, ఇన్‌స్పెక్టరు వెనకున్న ఇనప బీరువా దగ్గరికెళ్ళి, జేబులోంచి వంకర తీగ తీసి, అటు తిప్పి ఇటు తిప్పి తెరిచేశాడు. తలుపు కిర్రుమంది. చిరాకుపడి నూనె కూడా వేశాడు.

"హమ్మయ్య! దాని తాళంచెవి పోయి మూడేళ్ళయిందయ్యా!" అని ఇన్‌స్పెక్టరు సంబరపడ్డాడు. "ఎంతైనా మెకానిక్కువి కదా, చెయ్యి తిరిగిన పని!" టీ తెప్పించి, గేటు దాకా వచ్చి సాగనంపాడు.

జైల్లో తోడల్లుడు ఇంకో రకంగా అడ్డం తిరిగాడు. ఒక దొంగ చెప్పే సాక్ష్యంతో బయటికి వచ్చేకంటే ఏడేళ్ళూ లోపలే ఉంటానన్నాడు. ఆ మనిషి దయ తనకు అక్కర్లేదన్నాడు. లాయరమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది. మరదలు మాత్రం కటకటాల దగ్గరికి వెళ్ళి ఒకే మాట అంది.

"ఇది దయ కాదండీ, రసీదు. ప్రతిదీ రాతలో ఉండాలంటారు కదా మీరు? మీ ఉత్తరాలు ఉన్నాయని ఈ లోకంలో రాసిపెట్టింది ఆయనొక్కడే."

అతను చివరికి, కార్డులో టీ మరక సంగతి కూడా ఉందా అని అడిగాడు. ఉందంది. ఆ మరక తన ఇంట్లోనే పడిందనీ, మళ్ళీ రాసే ఓపిక లేక అలాగే ఇచ్చాననీ చెప్పి, సాక్షిని పిలవడానికి ఒప్పుకున్నాడు.

*

కోర్టు హాలు కిక్కిరిసింది. నూనెబుడ్డి ఉతికిన చొక్కా వేసుకుని బోనెక్కాడు. అలవాటు చొప్పున ముందు బోను తలుపు బందులు చూశాడు. బంట్రోతు కళ్ళెర్రజేస్తే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అన్నీ ఒప్పుకున్నాడు. ఇళ్ళ గుర్తులు చెప్పాడు, బీరువాల రంగులు చెప్పాడు. మేనేజరు వచ్చి, సంతకం తనదేననీ, కానీ ఏ కాగితమైనా చదివి సంతకం పెట్టే తీరిక తనకు ఉండదనీ గొప్పగా చెప్పాడు. తన ఇంట్లో దొంగతనమే జరగలేదన్నాడు.

ప్రభుత్వ లాయరు లేచాడు. లావుపాటి మనిషి, తియ్యటి గొంతు.

"ఈయన దొంగ కాడు, మహా మంచివాడు. బంధువును కాపాడుకోవాలని తన పరువును బలిపెడుతున్న త్యాగమూర్తి. అందుకే ఈ సాక్ష్యం చెల్లదని నా మనవి."

వరసగా సాక్షుల్ని పిలిచాడు. ఇన్‌స్పెక్టరు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి, ఇంత నమ్మకస్తుడు ఈ బజారులోనే లేడన్నాడు. పక్క కొట్టు దర్జీ, కత్తెర అరువిస్తే పదునుపెట్టి మరీ తిరిగిస్తాడన్నాడు. ఎదురింటివాళ్ళు ఊరెళ్తే తాళంచెవి ఈయనకే ఇచ్చి వెళ్తామన్నారు. ఒక్కో మంచిమాటకూ నూనెబుడ్డి మొహం వాడిపోతోంది. జీవితమంతా కూడబెట్టుకున్న మంచిపేరు ఇవాళ తోడల్లుడి మెడకు చుట్టుకుంటోంది. ముద్దాయిల బెంచీ మీద ఆ మనిషి నిటారుగా కూర్చుని ఉన్నాడు. అతని వెనక మరదలు నోటికి పైట అడ్డం పెట్టుకుంది.

లాయరమ్మ డబ్బాలోని కార్డుల మీద పేర్లున్నవాళ్ళను పిలిపించింది. పదిహేను మందికి కబురు పంపితే ముగ్గురు వచ్చారు. మొదటి ఇద్దరూ, పట్టాలు పోస్టులో వచ్చాయనీ, దేవుడిలాంటి మనిషనీ చెప్పి దిగిపోయారు. పోయిన వస్తువుల మాట అడిగితే, ఏవో పాత సామాన్లు, వదిలెయ్యండి అన్నారు. జడ్జి గడియారం చూసుకున్నాడు. మూడో మనిషి రిటైరైన సంగీతం టీచరమ్మ. కర్ర ఊతంతో మెల్లగా బోనెక్కి, నూనెబుడ్డి వంక ఆప్యాయంగా చూసింది.

"నువ్వేనా బాబూ? పన్నెండేళ్ళయింది. నా సర్టిఫికెట్లన్నీ నలగకుండా అట్ట పెట్టి మరీ పంపావు. అవి లేకపోతే నాకు పింఛనే వచ్చేది కాదు. మా తలుపు అప్పటినుంచీ చప్పుడు చెయ్యదు. చల్లగా ఉండు నాయనా."

హాల్లో అందరూ నవ్వారు. ప్రభుత్వ లాయరు అయితే పొంగిపోయాడు. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. కానీ కడుపు నిండినా ఇంకో ముద్ద మింగే రకం మనిషి అతను.

"చూశారా, దొంగను ఎవరైనా ఇలా దీవిస్తారా? అమ్మా, అసలు మీకు పోయిందేమైనా ఉందా?"

"ఉందండీ" అంది టీచరమ్మ. "మా అమ్మ చెవిదిద్దులు."

అంటుండగానే ఆవిడ చెయ్యి తనంతట తానే చెవి దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడ పోయే ముందు రోజు తీసి నా చేతిలో పెట్టింది. నేను పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఆవిడ నిజంగా పోయినట్టే అనిపించింది. ఆ పెట్టెలో సర్టిఫికెట్ల కిందే దాచాను." ఆవిడ నూనెబుడ్డి వైపు తిరిగింది. "సర్టిఫికెట్లు తీసి, దుమ్ము దులిపి, అట్ట పెట్టి పంపావు. వాటి కిందున్నవి చూళ్ళేదా?"

"చూశానమ్మా" అన్నాడు నూనెబుడ్డి.

"మరి?"

ఇరవై రెండేళ్ళుగా అతని దగ్గర దానికి సమాధానం ఉంది. వస్తువుదేముంది, పోతే ఇంకోటి కొనుక్కుంటారు. భార్యకు కంఠతా వచ్చిన మాట అది. ఇవాళ ఆ మాట రాలేదు.

"అమ్మేశానమ్మా" అన్నాడు. "అప్పుడే కరిగించేసి ఉంటారు."

టీచరమ్మ అతన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది. చూస్తుండగానే ఆవిడ మొహంలో ఆప్యాయత మొత్తం పోయింది. జడ్జి వైపు తిరిగి, చిన్న గొంతుతో, ఏ అనుమానమూ లేకుండా చెప్పింది.

"వీడు దొంగేనండీ."

ఎవరూ నవ్వలేదు. ప్రభుత్వ లాయరు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. జడ్జి కలం తీసి రాసుకున్నాడు. లాయరమ్మ టేబుల్ కింద పిడికిలి బిగించింది, గెలిచామని ఆవిడకు తెలిసిపోయింది. నెల రోజులుగా నూనెబుడ్డి ఈ ఒక్క మాట ఎవరో ఒకరి నోట వినాలనే కాళ్ళరిగేలా తిరిగాడు. తీరా విన్నాక కూర్చున్న చోటే తల దించుకున్నాడు.

కార్డు చెల్లింది. తోడల్లుడు ఆ వారమే బయటికొచ్చాడు. మేనేజరును లోపలికి తీసుకెళ్ళారు, అతను అరెస్టు కాగితం మీద కూడా చదవకుండానే సంతకం పెట్టాడట. నూనెబుడ్డికి మూడేళ్ళు వేశారు. ఇన్‌స్పెక్టరు మాత్రం ఇది కుట్రేనని ఈనాటికీ నమ్ముతున్నాడు. ఆ ఫైలు ఇంకా మూయలేదు.

*

జైల్లో నూనెబుడ్డిని బట్టలు కుట్టే విభాగంలో వేశారు. పన్నెండు మిషన్లు, పన్నెండూ గోల. తలుపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అతని బుడ్డి లోపలికి వచ్చిన రోజే గుమాస్తా తీసేసుకున్నాడు. రాత్రిళ్ళు ఎక్కడో ఒక గేటు కిర్రుమనేది, అతనికి టీచరమ్మ గుర్తొచ్చేది. దిద్దులు అమ్మిన కొట్టు గుర్తులు లాయరమ్మకు చెప్పి వెతికించాడు. ఆ కొట్టే లేదు.

మూడో నెలలో అతని పేరున పార్శిలు వచ్చింది. గుమాస్తా ఆఫీసు గదికి పిలిచి రసీదు కార్డు ముందుకు తోశాడు. కార్డు వెనక, గళ్ళలో పోసినట్టున్న గుండ్రటి అక్షరాలతో ఒక జాబితా ఉంది. ఆ రాత ఇప్పుడతనికి బాగా తెలుసు. చొక్కాలు రెండు. తువ్వాలు ఒకటి. సబ్బులు నాలుగు. దుప్పటి ఒకటి, అంచు నీలం. మిషను నూనె బుడ్డి ఒకటి, నిండుగా.

నూనెబుడ్డి సామాను ఒక్కొక్కటే తీసి చూశాడు.

"బుడ్డి లేదండీ."

"నూనెలు లోపలికి రావు. తీసి పక్కన పెట్టాం" అన్నాడు గుమాస్తా.

"అయితే కార్డు మీద ఆ ఒక్కటీ కొట్టెయ్యండి. అందనిది అందినట్టు నేనెలా పెట్టను?"

"కొట్టివేతలుంటే పోస్టాఫీసు తీసుకోదు. అన్నీ అందినట్టు పెడితే పార్శిలు నీది. లేదంటే మొత్తం వెనక్కి పోతుంది. అయినా నువ్వొక దొంగవి, నీకింత పట్టింపేంటయ్యా?"

నూనెబుడ్డికి చెప్పాలని చాలా ఉంది. నూట నలభై మూడు కార్డుల్లో ఒక్క అబద్ధం లేదని చెప్పాలనుంది. తగ్గింది అని రాస్తే అవతలి మనిషి ఊరుకోడనీ, జైల్లో దొంగతనం జరిగిందని ఫిర్యాదు రాసి మూడు నకళ్ళు తీసి మూడు చోట్లకు పంపుతాడనీ కూడా చెప్పాలనుంది. చెప్పబోతూ కార్డు తిప్పాడు. అచ్చు గళ్ళు ఉన్న ఆ వైపు, పంపినవారు అన్న చోట, అవే గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక్క మాట ఉంది.

తమ్ముడు.

పార్శిలు చుట్టిన కాగితం మీద చూశాడు. అక్కడా అలాగే ఉంది. తమ్ముడు, కింద ఇంటి చిరునామా.

గుమాస్తా రెండుసార్లు దగ్గాడు. మూడోసారి బల్ల మీద తట్టాడు.

"సంతకానికి ఇంతసేపా?"

"చదివి పెట్టాలి కదండీ" అన్నాడు నూనెబుడ్డి. కలం తీసుకుని, "అన్నీ అందాయి" అని రాసి, కింద తన అసలు పేరు పూర్తిగా పెట్టాడు. రాశాక మళ్ళీ చదువుకున్నాడు. అందులో అబద్ధం ఎంతో అతనికే తేలలేదు.

చొక్కాలూ సబ్బులూ దుప్పట్లో వేసి మూటకట్టాడు. చుట్టిన కాగితాన్ని గుమాస్తా ఉండచుట్టి బుట్టలో వెయ్యబోతుంటే ఆపి, తీసుకుని, బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేసి, చిరునామా మడతలో పడకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"చిత్తుకాగితం దేనికయ్యా?" అన్నాడు గుమాస్తా.

"కాగితాలు పారెయ్యకూడదండీ" అన్నాడు నూనెబుడ్డి.